గునుగు పువ్వుకు గీత ఉండదు

గునుగు పువ్వును గీయడం ఎంత కష్టమో గీయబోయినవాళ్లకే తెలుసు. మందారానికి రేకులున్నాయి, బంతికి గుండ్రటి అంచు ఉంది, తామరనైతే కళ్లు మూసుకుని గీయొచ్చు. గునుగుకు అంచే లేదు. కొసన లేత గులాబి రంగు, కిందికి దిగేకొద్దీ వెండి తెలుపు, ఒళ్లంతా పొట్టు, ముట్టుకుంటే ఎండుగడ్డిలా గరగర. పిల్లల చేతికి పెన్సిలిస్తే కొవ్వొత్తి గీస్తారు, కాకపోతే సజ్జకంకి గీస్తారు.

వరంగల్ చుట్టుపక్కల చెలకల నడుమ ఉండే బడుల్లో చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరైనవాణ్ని నేను. ఓ ఏడు బడి గోడ మీద బతుకమ్మ బొమ్మ వేయిద్దామని, దుకాణాల బోర్డులు రాసే పెయింటరన్నను పిలిపించాం. పిల్లలంతా చుట్టూ మూగారు. ఆయన తంగేడు వేశాడు, బంతి వేశాడు. గునుగు దగ్గరికి వచ్చేసరికి కుంచెను గులాబి రంగులో ముంచి, ఆ రంగంతా పాతగుడ్డకు తుడిచేశాడు. పొడిపొడిగా మిగిలిన ఆ కుంచెతో సున్నం గోడ మీద కొస నుంచి కిందికి నాలుగుసార్లు అలా తాకించాడు, అంతే. గోడ మీద గునుగు మొలిచింది. తెలుపంతా గోడదే, ఆయన పెట్టింది కాసింత గులాబి. "దీనికి గీత ఉండది సార్. గీత గీస్తిరా, పువ్వు సచ్చిపోతది" అన్నాడు.

నలభై ఏళ్లుగా పిల్లల బొమ్మల పుస్తకాలను పోగేస్తున్నాను. ఏ పుస్తకాలను గుండెకు హత్తుకుంటున్నానో, ఏవి చూస్తే ఒళ్లు మండుతోందో నాకు తెలుసు గానీ ఎందుకో చెప్పలేకపోయేవాణ్ని. పెయింటరన్న ఒక్క మాటతో చెప్పేశాడు. ఆయన గునుగును చూశాడు. చూసినవాడు గీసిన బొమ్మకూ, చూడనివాడు గీసిన బొమ్మకూ ఉన్న దూరం పిల్లలకు రుతువులను చూపించే పుస్తకాల్లో బయటపడినంతగా ఇంకెక్కడా బయటపడదు. అందులోనూ శరత్కాలం పుస్తకాల్లో.

బొమ్మలున్న పుస్తకం వేరు, బొమ్మల పుస్తకం వేరు. మొదటిదాంట్లో బొమ్మ తీసేసినా కథ నడుస్తుంది. రెండోదాంట్లో బొమ్మ తీసేస్తే మాటలు అనాథలైపోతాయి. ఇందులోని పనితనమంతా మాటకూ బొమ్మకూ మధ్య పంపకంలో ఉంది. "అవ్వ తంగేడు పూలు తెంపింది" అని కింద రాసి, పైన అవ్వ తంగేడు పూలు తెంపుతున్న బొమ్మ వేస్తే ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టు. చేయి తిరిగిన చిత్రకారుడైతే అవ్వను గీస్తాడు, తంగేడును గీస్తాడు, అవ్వ చూడని ఆకు మీద ఒక పసుపు సీతాకోకచిలుక గుడ్డు పెడుతుండగా గీస్తాడు. మాటల్లో ఆ ఊసే ఉండదు. నాలుగు పేజీల తర్వాత అదే కొమ్మ మీద ఆకుపచ్చటి గొంగళిపురుగు. చివరి పేజీల్లో ఎక్కడో ఆకు కింద వేలాడే గూడు. చదివి వినిపించే అమ్మకు కనపడదు, ఒళ్లో కూర్చున్న బిడ్డకు కనపడుతుంది. "అమ్మా, గిది జూడు!" అని ఆ వేలు పేజీ మీద పడుతుందే, ఆ క్షణం కోసమే ఈ కళ పుట్టింది. ఇది కల్పన కూడా కాదు. పసుపు సీతాకోకచిలుకల్లో కొన్ని జాతులు నిజంగానే తంగేడు ఆకుల మీద గుడ్లు పెడతాయి, పిల్లపురుగులు ఆ ఆకులే తిని పెరుగుతాయి.

ఇక పేజీ తిప్పడం. సినిమాలో తెర దానంతటదే మారుతుంది. పుస్తకంలో మార్చేది పిల్లవాడి చేయి. కుడి పేజీలో ఒక ప్రశ్న పెట్టి, తిప్పగానే ఎడమ పేజీలో జవాబు పెట్టడం ఈ విద్యలో సగం. ఎరిక్ కార్ల్ 1969లో వేసిన ఆకలిగొన్న గొంగళిపురుగు పుస్తకంలో పేజీలకే బెజ్జాలు పొడిచాడు, పురుగు తిన్న తోవ అన్నమాట. పలచటి కాగితాలకు తనే రంగులు పూసి, కత్తిరించి, అంటించిన బొమ్మలవి. ఆ బెజ్జంలో వేలు పెట్టని పిల్లవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

మూడో మెలకువ కంటి ఎత్తు. మనం గునుగును వంగి తెంపుతాం. జొన్నచెలకలో ఏడేళ్ల పిల్ల నిలబడితే గునుగు ఆమె ఛాతీ దాకా వస్తుంది. ఆమెకది పూలతోట కాదు, అడవి. పెద్దవాళ్ల ఎత్తు నుంచి గీసిన పొలం బొమ్మను ఆ పిల్లకు చూపిస్తే తను అందులో ఉన్నట్టే అనిపించదు. చిత్రకారుడు నేల మీద చతికిలపడి గీయాలి. పీటర్ అనే కుందేలు కథ గీసిన బియాట్రిక్స్ పాటర్ పుట్టగొడుగులను, కీటకాలను గంటలకొద్దీ చూసి గీసిన మనిషి. 1902లో ఆమె పుస్తకం వచ్చినప్పుడు దాని సైజు కూడా పిల్లల అరచేతికి సరిపోయేంతే. 

ఇప్పుడు మన మహానుభావుల దగ్గరికి వస్తాను. తెలుగు పిల్లల కళ్లకు బొమ్మను అలవాటు చేసింది చందమామ, 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. అందులో చిత్రా గారు గీసిన అడవులు చూడండి. తోకచుక్క లాంటి సీరియళ్లకు ఆయన వేసిన చెట్లు నిలబడి ఉండవు, నేలను పట్టుకుని ఉంటాయి. బెరడులో ముడతలు, వేళ్లలో బలం, కొమ్మల మధ్య ఏదో కదిలినట్టు భయం. విక్రమార్కుణ్ని, భేతాళుణ్ని నాలుగు తరాల మనసుల్లో నాటిన శంకర్ గారి అభిమానులు నామీద కోప్పడినా సరే, మనిషి కండ విషయంలో శంకర్, చెట్టు విషయంలో మాత్రం నా ఓటు చిత్రాకే.

వెలుతురు విషయంలోనైతే పోటీయే లేదు, వడ్డాది పాపయ్య. అనకాపల్లి పక్కన కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా బతుకుతూ, చందమామ అట్టల మీద దశాబ్దాల పాటు దేవలోకాన్ని దించిన వపా. ఆయన రుతువులను మనుషుల్లా గీశాడు, రాగాలను ఆడపిల్లల్లా గీశాడు. వానలు వెనకబడ్డాక ఆకాశం కడిగిన పళ్లెంలా మెరుస్తుందే, ఆశ్వయుజంలో సాయంత్రం నాలుగున్నరకు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నిలబడితే కనిపించే వెలుతురు, అది వపా నీటిరంగుల్లో ఉంది. ఆయన వరంగల్ చెరువును చూశాడో లేదో గానీ ఆ వెలుతురును చూశాడు. 1992లో వెళ్లిపోయాడు. ఆ పసుపును, ఆ నీలాన్ని ఒకే కాగితం మీద అంత తడిగా కలపగల చేయి తర్వాత నాకు కనిపించలేదు.

బాపు గురించి కొత్తగా చెప్పేదేముంది? ఒక్క వంపులో బుడుగు పొగరంతా తెచ్చిన మనిషి. గీతకు ఆయన రాజు. గీతే ఒప్పుకోని గునుగును బాపు ఎలా గీసేవారా అని నాకు చాలాసార్లు అనిపించింది. బహుశా పువ్వును వదిలేసి, దాన్ని తలలో పెట్టుకుని అద్దంలో చూసుకునే చిన్నపిల్ల మూతి విరుపును గీసేవారు, మనకు పువ్వు కనపడేది. ఇక మా జిల్లావాడు చంద్ర. 1946లో వరంగల్ జిల్లా పల్లెలో పుట్టి, కథల బొమ్మలతో, పుస్తకాల అట్టలతో తెలుగు పత్రికల్ని నింపేసిన చేయి అది, 2021లో ఆగిపోయింది. చంద్ర నల్ల ఇంకులో మా పల్లె మనుషుల నడక ఉంది. మావాడని చెప్పుకోవడంలో నాకు దాపరికం లేదు, ఉండబోదు కూడా. సిద్దిపేట కాపు రాజయ్య గారిని మరిచిపోతే పాపం. బోనాలను, మన పల్లె పండుగలను నకాషీ పనివాళ్ల పచ్చి రంగుల్లో పెద్ద చిత్రాలుగా నిలబెట్టింది ఆయనే.

నకాషీ అన్నాను కాబట్టి ఒక మాట. నకాషీవాళ్ల చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలోదే. చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన బట్ట మీద ఎర్రటి నేల కట్టి కథంతా గీసేవాళ్లు. కాకిపడగలవాళ్లు ఊరి నడుమ ఆ పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ కథ చెప్పేవాళ్లు. తర్వాతి బొమ్మ కోసం జనం మెడలు చాచేవాళ్లు. పేజీ తిప్పడమనే విద్యను మనకు బయటివాళ్లెవరో నేర్పలేదు. మా తాతలు చుట్ట విప్పుతూ నేర్చుకున్నారు.

అయినా నేను నేర్చుకున్న మొదటి శరత్కాలం మన నేలది కాదు. హన్మకొండ విశాలాంధ్ర బుక్ హౌస్‌లో కొన్నది. మాస్కో నుంచి ప్రగతి ప్రచురణాలయం, ఆ తర్వాత రాదుగ పంపిన తెలుగు పుస్తకాలు అక్కడ దొరికేవి. గట్టి అట్ట, నున్నటి కాగితం, తెరిస్తే ఒక రకమైన వాసన. ధర చూస్తే నవ్వొచ్చేంత తక్కువ. వాటిని తెలుగు చేసినవాళ్లలో ఉప్పల లక్ష్మణరావు గారు చదువుకున్నది వృక్షశాస్త్రం. చెట్టును చెట్టుగా ఎరిగిన మనిషి మాస్కోలో కూర్చుని మన భాషలోకి పుస్తకాలు దించడం మన పిల్లల అదృష్టం. ఆ దేశపు చిత్రకారుల్లో యెవ్గేనీ చారూషిన్ నాకు దేవుడితో సమానం. ఎలుగు పిల్లకు, కుందేలు పిల్లకు ఆయన అంచు గీయడు. బూరును మచ్చలు మచ్చలుగా అద్దుతాడు. ముట్టుకుంటే మెత్తగా తగులుతుందనిపిస్తుంది. మా పెయింటరన్న గునుగుకు చేసింది అచ్చంగా అదే! ఒకరిది లెనిన్‌గ్రాడ్, ఒకరిది బోర్డుల పెయింటింగు షాపు, ఇద్దరికీ ఒకే రహస్యం తెలుసు.

చారూషిన్ ఎవరి కథలకు బొమ్మలు వేశాడో ఆ రచయిత విటాలీ బియాంకీ అయితే 1928లో అడవికే ఒక వార్తాపత్రిక పెట్టాడు, పుస్తకంగా. ఏ పక్షి ఎప్పుడు వెళ్లిపోయింది, ఎవరు చలికాలానికి గింజలు దాచుకున్నారు, అన్నీ వార్తలే. ఉక్రెయిన్ పల్లె పావ్లిష్‌లో సుఖోమ్లీన్‌స్కీ అనే మాస్టారు ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1951 శరత్కాలంలో ఆరేళ్ల పిల్లల్ని పోగుచేసి ఆనంద పాఠశాల అని పేరు పెట్టి, గదుల్లో కాకుండా చెట్ల కింద, చేల గట్ల మీద నడిపించాడు. చూసినదాన్ని వాళ్లే గీశారు, వాళ్లే మాటలు రాశారు. ప్రకృతి అనే పుస్తకానికి మూడు వందల పుటలని ఆయన లెక్క, ఒక్కో పుట ఒక్కో నడక. ఆ అనుభవమంతా తెలుగులో 'పిల్లలకే నా హృదయం అంకితం' అని వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి టీచరు చేతిలోనూ దాన్ని పెట్టాలని నేను ఎన్ని సమావేశాల్లో అరిచానో లెక్కలేదు.

ఆ పుస్తకాల్లో భూర్జ చెట్లు పసుపుగా మారి ఆకులు రాల్చేవి. నేనెప్పుడూ భూర్జ చెట్టును చూడలేదు. అయినా ఆ బొమ్మ నాకు అబద్ధం చెప్పలేదు. గీసినవాడు ఆ చెట్టు కింద నిలబడ్డాడని తెలుస్తూనే ఉంది. ఆ పుస్తకం మూసి బయటికొస్తే, మరి మన చెట్లు ఏం చేస్తున్నాయో చూడాలనిపించింది. పరాయి నేల పుస్తకం నన్ను నా చెలకలోకి పంపింది. పిల్లల పుస్తకానికి ఇంతకు మించిన పరీక్ష నేను పెట్టను.

మన చెట్లు ఏం చేస్తున్నాయి? ఇక్కడ శరత్తు రాల్చదు, పూస్తుంది. పెత్తర అమాస నాటికి చెలక గట్లన్నీ పసుపు, తెలుపు. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. వేయిస్తంభాల గుడి దగ్గర మొదలై, పద్మాక్షి గుండం నీళ్ల దాకా. మా అవ్వ బతుకమ్మ పేర్చడం చూసినవాళ్లకు పుస్తకంలో పేజీ ఎలా కట్టాలో వేరే చెప్పక్కర్లేదు. తాంబాలంలో గుమ్మడాకులు, వాటి మీద తంగేడు వరుస, ఆ పైన రంగులద్దిన గునుగు. కాడలన్నీ ఒకే కొలతకు కోసి, కొసలు బయటికి, మొదళ్లు లోపలికి. నడుమ ఖాళీలో తరిగిన ఆకులు, కాడలు గట్టిగా కూరాలి, లేకపోతే మూడో వరుసకే ఒరుగుతుంది. ఎర్రటి పట్టుకుచ్చు పక్కన ఎర్ర బంతి పెట్టనిచ్చేది కాదు. "ఎరుపు మీద ఎరుపు వెడ్తే రెండు గుడ్డివైతయ్ బిడ్డా, నడుమ తెల్ల గునుగు వెట్టు" అనేది. రంగుల చదువు చదివినవాళ్లు పెద్ద పెద్ద మాటల్లో చెప్పే సంగతే ఇది. పైకి వెళ్లేకొద్దీ వలయం సన్నబడాలి, కంటిని శిఖరం మీది పసుపు గౌరమ్మ దాకా ఎక్కించాలి. మా అవ్వకు అక్షరం రాదు. 2022లో మనకు దూరమైన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ బతుకమ్మను తీసిన చిత్రాలు చూస్తుంటే, ఈ పల్లె తల్లుల కంటిని ఆయన కెమెరాలో పెట్టుకు తిరిగాడని అనిపిస్తుంది.

పూలొక్కటేనా? ఆ రోజుల్లోనే తూనీగలు గుంపులు గుంపులుగా పొలాల మీద తేలుతాయి. పిల్లలు తోకకు దారం కట్టి ఎగరేసే ఆ తూనీగల్లో ఒక జాతి ఇక్కణ్నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్తుందని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశాడు. ఈ సంగతి చెప్పిన రోజు మా క్లాసులో ఒక పిల్లవాడు లేచి బయటికెళ్లి, తన తూనీగ తోక నుంచి దారం విప్పి వచ్చాడు. నేనేమీ అనలేదు, వాడూ ఏమీ అనలేదు. అప్పుడే సీతాఫలం కండ్లు తెరుస్తుంది, నల్లరేగడిలో పత్తికాయ పగులుతుంది, గిజిగాని గూళ్లు ఈతచెట్ల మీద ఖాళీ అవుతుంటాయి. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పుష్పంగా తంగేడును, రాష్ట్ర వృక్షంగా జమ్మిని, రాష్ట్ర పక్షిగా పాలపిట్టను ప్రకటించింది. మూడూ కలిసి మన జీవితంలోకి వచ్చేది ఏడాదిలో ఒక్క వారమే. సద్దుల నాటి తంగేడు, దసరా నాటి జమ్మి ఆకు బంగారం, ఆ సాయంత్రం పాలపిట్ట. ఒక రాష్ట్రం తన గుర్తుల్లో మూడింటిని ఒకే రుతువు నుంచి ఏరుకున్నాక, ఆ రుతువు మీద పిల్లలకు పది మంచి బొమ్మల పుస్తకాలు ఉండొద్దా?

ఇక నా ఒళ్లు మండే సంగతి. మా అన్న మనవరాలికి ఓ పుస్తకం కొనిచ్చారు, రుతువుల పుస్తకం, తెలుగులోనే. శరత్తు పేజీ తీస్తే నారింజ రంగు మేపుల్ ఆకులు, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకున్న తెల్లపిల్ల, కుచ్చుతోక ఉడత చేతిలో ఓక్ కాయ. మన ఉడుత వీపు మీద రాముడి చారలుంటాయన్న సంగతి కూడా ఆ గీసినవాడికి పట్టలేదు. కింద తెలుగులో "శరత్కాలంలో ఆకులు రాలును" అని ఉంది. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని వాకిట్లోకి వెళ్లి వేపచెట్టును, చింతచెట్టును చూసి వచ్చి, "తాతా, మన చెట్లకు తెల్వదా?" అని అడిగింది. చెట్లకు తెలియదట! బొమ్మ తప్పని పిల్ల అనుకోలేదు, చెట్టు తప్పనుకుంది. అచ్చులో ఉన్నది నిజం, వాకిట్లో ఉన్నది తప్పు అని ఆరేళ్ల బిడ్డకు నేర్పింది ఆ పుస్తకం. దీన్ని దోపిడీ అనక ఇంకేమనాలి?

సోవియట్ భూర్జ చెట్టుకూ ఈ మేపుల్ ఆకుకూ తేడా ఇదే. ఆ చెట్టును ఒకరు చూశారు. ఈ ఆకును ఎవరూ చూడలేదు. ఎక్కడో ఊరికే దొరికే బొమ్మను దించి, సాగదీసి, మీద తెలుగు అక్షరాలు అతికించారు. నిజంగా ఆ నేల మీద నిలబడి చేస్తే మేపుల్ ఆకైనా ప్రాణం పోసుకుంటుంది. లోయిస్ ఎలర్ట్ అనే ఆమె తాను ఏరిన ఆకులనే పేజీల మీద పరిచి 2005లో ఆకుల మనిషి కథ చేసింది, ఆకు మీది పురుగు తిన్న మచ్చ కూడా వదల్లేదు. ఇప్పుడేమో కంప్యూటరుకు నాలుగు మాటలు చెబితే బొమ్మ రాలిపడుతోంది. ఒకరు అలా చేసిన బతుకమ్మను నాకు చూపించారు. పెళ్లి కేకులా ఉంది, తంగేడు స్థానంలో పచ్చగులాబీలు. తంగేడుకు అయిదు రేకులు, ఒకటి ఇంకొకదాని కొలతలో ఉండదు, నడుమ నుంచి కొడవలిలా వంగిన కాడ ఒకటి బయటికొస్తుంది. ఆ వంపు లేకుండా తంగేడు లేదు. థర్మకోల్ మీద ప్లాస్టిక్ పూలు గుచ్చిన బతుకమ్మలు బజారుకొచ్చాయి. వాటిని చూసి బొమ్మ గీసే పిల్లవాడికి ఆ వంపు ఎప్పటికి దొరకాలి?

నా ఉద్యోగంలో ఓసారి పిల్లలు గీసిన బొమ్మలతో చిన్న పుస్తకం అచ్చు వేయించే అవకాశం వచ్చింది. అచ్చయి వచ్చాక తెరిస్తే గునుగు ఉన్న పేజీలో గునుగు లేదు, ఎర్ర గులాబీ ఉంది. "అది గడ్డిపువ్వు కదా సార్, బాగుండదని మార్చాం" అన్నారు అక్కడివాళ్లు. ఆ బొమ్మ గీసిన పిల్ల పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, తన పేరు మీద వేలు పెట్టి, "గిది నేను గీయలే" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అంతా చీకటే అనను, అది అన్యాయం. చందమామ ఆగిపోయింది, 1991 తర్వాత మాస్కో పుస్తకాల రాక ఆగిపోయింది, నిజమే. కానీ సికింద్రాబాదు నుంచి 'మంచి పుస్తకం' అనే సంస్థవాళ్లు ఆ పాత రష్యన్ బొమ్మల కథలను మళ్లీ అచ్చు వేస్తున్నారు, తానాతో కలిసి కొత్త తెలుగు బొమ్మల కథలకు పోటీలు పెట్టారు. ప్రథమ్ బుక్స్, తూలిక తెలుగు పిల్లల చేతికి చక్కటి బొమ్మలు అందిస్తున్నాయి. అన్వేషి వాళ్లు 2008లో తెచ్చిన కథల పుస్తకాల్లో మన వాడల పిల్లలు, మన వంటిళ్లు బొమ్మల్లోకి వచ్చాయి, తలకాయ కూరతో సహా. ఈ పని చేస్తున్న ప్రతి ఒక్కరి కాళ్లకూ మొక్కుతాను. వాళ్లను అడిగేదొకటే, మా గునుగుకు ఒక పుస్తకం ఇవ్వండి. బొమ్మలు వేసేవాళ్లారా, హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చుని కాదు, భాద్రపదం ఆఖరి వారంలో మా పాకాల దారిలో బస్సు దిగి గీయండి. అన్నం మేం పెడతాం. ప్రచురించేవాళ్లారా, చిత్రకారుడి పేరు అట్ట మీద రచయిత పేరంత అక్షరాల్లో వేయండి. 1904లో హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాన్ని నిలబెట్టిన ఊరు మాది. ప్రతి గ్రంథాలయంలోనూ నేల మీద కూర్చున్న పిల్లకు అందే ఎత్తులో ఒక అర, అందులో బొమ్మలు పైకి కనిపించేలా పుస్తకాలు, ఇది పెద్ద కోరికా?

అచ్చు పుస్తకంలో గులాబీ వచ్చిన మరుసటి ఏడు మేం అచ్చుకు పోలేదు. దసరా సెలవులకు ముందే డ్రాయింగు కాగితాలు మడిచి, అవ్వ దగ్గరి దబ్బనంతో కుట్టి, ఒకే ఒక్క పుస్తకం తయారుచేశాం. ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ. షరతు ఒకటే, చూడనిది గీయొద్దు. ఒకడు తంగేడు ఆకు తిరగేసి గుడ్డు వెతకడానికి మూడు రోజులు తిరిగాడు. ఇంకొకతె పత్తికాయ నాలుగు పగుళ్లను నాలుగు పూటల్లో గీసింది. గునుగును ఎలా గీయాలో గోడ మీది బొమ్మను చూసి వాళ్లే పట్టేశారు, క్రేయానును కాగితం మీద పడుకోబెట్టి, కొసన మాత్రం రుద్ది. పాలపిట్ట పేజీ ఎవరికి పడిందో ఆ పిల్ల మాత్రం సెలవులిచ్చే రోజుకూ ఖాళీ కాగితమే చూపించింది. "ఇంకా కనవడలే సార్" అంది. చందమామలో చూసో, కేలండరులో చూసో గీయమని పక్కపిల్లలు చెప్పినా వినలేదు. పుస్తకాన్ని అలాగే ఆ ఒక్క తెల్ల పేజీతో పక్కన పెట్టాం.

దసరా మర్నాడు పొద్దున్నే మా ఇంటి గేటు చప్పుడైంది. పాలపిట్ట పేజీ పిల్ల, జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, ఊపిరాడకుండా చెప్పడం మొదలుపెట్టింది. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అసలు గుర్తేపట్టలేదట, మట్టి రంగు పిట్టే అనుకుందట. తమ్ముడు చప్పట్లు కొడితే లేచిందట. రెక్కలు విప్పేసరికి నీలం, ఆ నీలంలో ఇంకో నీలం. చేతులు చాచి చూపించింది. నేను పుస్తకం తెచ్చి ఆ తెల్ల పేజీ తీసి ముందు పెట్టాను. దాన్ని ఓసారి చూసి, తిప్పి వెనకవైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఒక్క పేజీ సాలది సార్. కూసున్నది ఒక దిక్కు, తిప్పినంక ఎగిరింది ఒక దిక్కు. నాకు రెండు గావాలె."